ఈదమ్మ కన్ను, నా కండ్ల కలక

నవంబర్ 17

నా భార్య ఈదమ్మను దవాఖాన నుంచి ఇంటికి తెచ్చాం. కంటి మీద ప్లాస్టిక్ మూత పెట్టి చుట్టూ ప్లాస్టర్ వేశారు. చుక్కల మందు ఎప్పుడెప్పుడు వేయాలో దవాఖానలో సిస్టరమ్మ చెప్పింది. వేసినప్పుడల్లా రాసుకోమంది. ఎరువుల దుకాణం వాళ్లు ఇచ్చిన డైరీ ఖాళీగా ఉంటే తీశాను. చుక్కల సంగతి వెనక పేజీల్లో పెట్టాను. ముందు పేజీల్లో ఏం రాయాలో తెలియదు. మా ఊరి బడిలో చదివిన చదువు. ఊరికే చేయి ఆడిస్తున్నాను.

ఆమె కుడి కన్ను చిన్నప్పుడే తుమ్మముల్లు దిగి పోయింది. ఉన్నది ఎడమది ఒక్కటే. దానికీ పొర వచ్చి కొన్నేండ్లుగా మనుషుల్ని గొంతును బట్టే పోల్చుకుంటోంది. ఆపరేషన్ అంటే భయపడి ఆపుకుంటూ వచ్చాం. ఇది కూడా పోతే ఏం చేస్తాం? ఇప్పుడు అయిపోయింది. మంచిగా అయిందన్నారు. ఇంకా మబ్బుగానే ఉందట, వారంలో తేటపడుతుందట. అందాకా దుమ్ము తగలొద్దు, నీళ్లు పడొద్దు, నలపొద్దు. కండ్ల కలక ఉన్నవాళ్లను దగ్గరికి రానీయొద్దని సిస్టరమ్మ మళ్లీ మళ్లీ చెప్పింది.

మొదటి చుక్క కోడలు యాదలక్ష్మి వేయబోతే ఈదమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

"నువ్వద్దు బిడ్డా. ఆయన్ను ఏయమను."

"మామ చెయ్యి వణుకుతది అత్తా."

"వణికితె వణకని. నాకు ఆయన చెయ్యైతె భయముండదు."

వేశాను. మొదటిది ముక్కు మీద పడింది. రెండోది కంట్లో పడింది.

"ముక్కుకు గూడ ఆపరేషన్ చేసిన్రా ఏంది?" అని నవ్వింది.

కొట్టం దిక్కు పోవద్దని, బర్రెకు గడ్డి నగేష్ వేస్తాడని నాకు చెప్పింది. కొట్టం ఆమెది. పెండ్లయినప్పటి నుంచీ గడ్డి వేసేది, పేడ తీసేది, పాలు పిండేది ఆమే. నన్ను లోపలికి రానీయదు. నాకు చేతకాదని ఆమె నమ్మకం. మా కొడుకు నగేష్ స్కూల్ బస్సు నడుపుతాడు, తెల్లారకముందే పోతాడు. వాడికెక్కడ వీలవుతుంది? నేనే వేస్తాను. ఆమెకు చెప్పను.

నవంబర్ 19

చుక్కలన్నీ వేళకు వేశాను. ఆమె నీరసంగా ఉన్నా కన్ను తేటగానే ఉంది. కోతలయ్యాక చుట్టించిన గడ్డి కట్టలు ట్రాక్టర్ మీద వచ్చాయి. దింపి కొట్టంలో పేర్చాం.

సాయంత్రం నుంచి కండ్లలో దురద.

నవంబర్ 20

పొద్దున చుక్కల సీసా పట్టుకుని లోపలికి పోతుంటే యాదలక్ష్మి గట్టిగా అరిచింది.

"మామా, ఆగు! ఆడ్నే ఆగు. నీ కండ్లేంది గట్లున్నయ్?"

అద్దంలో చూసుకున్నాను. రెండూ పండు మిరపకాయల్లా ఉన్నాయి. రెప్పలు ఉబ్బాయి. నీళ్లు కారుతున్నాయి.

"కలక మామా. అత్త దగ్గరికి పోకు. నీ దండం వెడుత."

ఆమె తప్పేం లేదు. సిస్టరమ్మ చెప్పిందే చెప్పింది. సీసాను కిందపెట్టి పక్కకు జరిగాను. ఆమె కొంగుతో తుడిచి తీసుకుంది.

లోపలి నుంచి ఈదమ్మ అడిగింది. "ఏమైంది? ఆయనేడి?"

"మామకు కండ్ల కలకొచ్చింది అత్తా. తగ్గేదాంక నేనేస్త."



అరుగు మీద పడుకొమ్మని నగేష్ అన్నాడు. అరుగు ఆమె కిటికీ పక్కనే. గాలి లోపలికే పోతుంది. కొట్టంలో పడుకుంటానన్నాను. "చలి గదా బాపు" అన్నాడు. గడ్డి మందంగా పరిచి పైన గోనెసంచి వేసుకున్నాను. వెచ్చగానే ఉంది. బర్రె పక్కన పడుకున్నానంటే ఈదమ్మ మనసు కష్టపెట్టుకుంటుంది. అరుగు మీదే ఉన్నానని చెప్పమన్నాను.

నాలుగు రోజుల్లో తగ్గిపోతుంది. అందరికీ తగ్గుతుంది.

నవంబర్ 21

ఇబ్రహీంపట్నం బస్టాండు దగ్గర మెడికల్ షాపుకు పోయాను. షాపాయన మహిధర్ నన్ను చూసి తల తిప్పుకున్నాడు.

"కలకనా తాతా? గిప్పుడు ఎవ్వలకు లేదు, నీకెట్లొచ్చింది?"

"ఏమో."

"గీ చుక్కలు ఏసుకో. నా దిక్కు చూడకు. పైసలు ఆ మూలకు వెట్టు. నల్లద్దాలు గూడ తీస్కపో, హీరో లెక్కుంటవ్."

కొన్నాను. ఈ కండ్లలోకి చూస్తే అంటుకుంటుందంటారు. నేల చూసుకుంటూ ఇంటికి వచ్చాను. అట్లా నడవడం నాకు కొత్తేం కాదు. అద్దాలకే కొత్త.

నవంబర్ 23

మందు వేస్తే మంట. ఆ మంట పోయాక మళ్లీ దురద. పిడికిళ్లతో రుద్దితే గానీ ఆగదు. రుద్దితే కాసేపు హాయి. తర్వాత ఇంకా ఎక్కువ.

సాయంత్రం ఆమె కిటికీ కింద నిలబడి గోడకు మొహం పెట్టి మాట్లాడాను.

"తిన్నవా?"

"తిన్న. నువ్వు?"

"తిన్న."

"అటు మల్లి మాట్లాడుతున్నవా? నీ మాట గోడకు తాకి వస్తున్నది."

"ఊఁ."

"నేనేమన్న కొత్త పెండ్లికూతుర్నా, గంత సిగ్గువడుతున్నవ్? నా కంటి మీద మూతున్నది. నువ్వు చూసినా నేను చూడ గదా. ఎట్ల అంటుతది?"

"అంటుతదంటున్నరు."

"అరుగు మీద చలి పెడుతలేదా?"

"లేదు."

"చుక్కలు మంచిగనే ఏస్తున్నదా కోడలు?" అని నేను అడిగాను.

కొంచెం ఆగింది. "ఏస్తున్నది" అంది. అలసిపోయినట్టుంది.

నవంబర్ 24

తగ్గలేదు.

నవంబర్ 25

తగ్గలేదు. తుమ్ములు కూడా మొదలయ్యాయి. ఇంట్లో ఎవరికీ అంటలేదు. నేను దూరం ఉన్నందుకే. కంచం కూడా వేరే పెట్టుకున్నాను. తువ్వాల కొట్టంలోనే, గడ్డి కట్ట మీద ఆరేసుకుంటున్నాను.

నవంబర్ 26

నగేష్ పెద్ద దవాఖానకు పోదామన్నాడు. వాడు ఒక్క రోజు మానితే బస్సుకు ఇంకో డ్రైవర్‌ను చూసుకుంటారు. వద్దన్నాను. బుగ్గమ్మ దగ్గరికి పోయాను. కంట్లో నలుసు పడితే ఆమె నాలుక కొసతో తీస్తుంది. మా వాడకట్టులో ఆమె నాలుక తగలని కన్ను లేదు. నన్ను వాకిట్లోనే ఆపింది.

"జంగా, కలకొచ్చిన కంట్ల నాలుక వెట్టనురా. నాకు గీ నాలుక ఒక్కటే ఉన్నది, తిట్టనీకి గూడ గదే."

"ఏమన్న చెయ్యవ్వా. ఈదమ్మ దగ్గరికి పోవాలె."

నా మొహం చూసి జాలిపడింది కావచ్చు. పెరట్లోకి పోయి ఏవో ఆకులు నలిపి తెచ్చింది. నేనే రెప్పలు విప్పి పట్టుకున్నాను. పసరు పిండింది.

నేల మీద కూర్చుండిపోయాను. అరవలేదు. ఆమే భయపడి చెంబుతో నీళ్లు కొట్టింది.

నవంబర్ 27

రాయలేను.

నవంబర్ 28

కొట్టంలో మసకగా కనబడుతోంది. అక్షరాలు గీత మీద నిలబడడం లేదు. నా చూపు పోతే పోనీ, ఆమె చుక్కలు నేను వేయకపోతే యాదలక్ష్మి వేస్తుంది. ఆమె కన్ను పోతే మాత్రం ఎవరేం చేసేది లేదు. ఇదే అనుకుంటూ పడుకుంటున్నాను.

డిసెంబర్ 1

కందుకూరులో బావ పోయాడు. అక్క ఒక్కతే. పోక తప్పదు. అందరికీ దూరంగా, నల్లద్దాలతో చెట్టు కింద కూర్చున్నాను. అక్క ఏడుస్తుంటే దగ్గరికి కూడా పోలేదు. ఏం తమ్ముడని అనుకున్నారో.

పడుకోవడానికి వాళ్ల కొత్త డాబా మీద జాగా ఇచ్చారు. రెండు రాత్రులు. ఈ పొద్దున లేచి మొహం కడుక్కుంటే దురద లేదు. అక్కోళ్ల అద్దంలో చూసుకున్నాను. తెల్లగా ఉన్నాయి! మూలకు కొంచెం ఎరుపు, అంతే. మందు సీసా ఇంట్లోనే మరిచిపోయి వచ్చాను. మందు లేకుండానే తగ్గింది.

ఉన్నవాళ్లతో సరిగా చెప్పకుండానే బస్సు ఎక్కాను. ఇంటికొచ్చి వాకిట్లో నుంచే అరిచాను. నేను అరవడం యాదలక్ష్మి ఎప్పుడూ వినలేదు, ఉరికొచ్చింది.

"చూడు బిడ్డా. పోయింది."

"అవ్ మామా! మంచిగైనయ్. పో, అత్త దగ్గరికి పో."

గడప దాకా పోయాను. ఆగాను. ఈదమ్మ గోడకు తిరిగి పడుకుని ఉంది. ఒక్క రాత్రి ఆగితే ఏం పోతుంది? పూర్తిగా పోయిందో లేదో రేపు పొద్దున తెలుస్తుంది. ఉన్న ఒక్క కన్ను. రేపే వస్తానని చెప్పమన్నాను. బర్రెకు గడ్డి వేసి, నా పక్క దులిపి, కొత్త గడ్డి పరుచుకున్నాను.

రేపు చుక్కలు నేనే వేస్తాను.

డిసెంబర్ 2

మళ్లీ వచ్చింది. ముందుకంటే ఎక్కువ.

గడప దాటనందుకు దేవునికి దండం పెట్టుకున్నాను. నిన్న ఆమెను ముట్టుకుని ఉంటే ఏమయ్యేది?

సాయంత్రం కిటికీ దగ్గరికి పోయాను. ఆమె గొంతు సన్నగా ఉంది.

"నిన్న వచ్చినవట గదా. గడప కాడ్నుంచే మల్లినవట."

"ఇయ్యాల మల్ల ఎర్రగైనయ్."

"ఎవ్వలకన్న గిన్నొద్దులు ఉంటదా కలక? నిజం చెప్పు. నా కన్ను పోయిందని నీకు చెప్పిన్రా? గందుకేనా నా దగ్గరికి వస్తలేవు?"

"లేదే. గట్ల కాదు."

"మరెట్ల?"

  ఇన్నేండ్లు ఆమే నా మాటలు కూడా మాట్లాడింది. గోడను పట్టుకుని నిలబడ్డాను. కండ్ల నుంచి నీళ్లు కారుతున్నాయి. రోగం నీళ్లో, మామూలు నీళ్లో నాకే తెలియలేదు.

డిసెంబర్ 3

మహేశ్వరం దిక్కు ఒక వెంచర్‌లో ప్లాట్లకు కాపలా మనిషి కావాలని మా వాడకట్టు జైపాల్ చెప్పాడు. రేకుల గది ఇస్తారట. ఆమె కన్ను బాగయ్యేదాకా అక్కడ ఉందామనుకుంటున్నాను. ఇంట్లో ఉంటే కిటికీ దగ్గరికి పోకుండా ఉండలేను. పోతే ఏ గాలికి అంటుతుందో.

ఆమెకు ఏమని చెప్పాలి? చెప్పకుండా పోవాలి.

డిసెంబర్ 4

పోలేదు.

చేసంచిలో రెండు చొక్కాలు పెట్టుకుంటుంటే యాదలక్ష్మి కొట్టంలోకి ఉరికొచ్చింది. నా దగ్గరికే వచ్చింది, కలక సంగతి మరిచిపోయి.

"మామా, అత్త కన్ను తెరుస్తలేదు. నొప్పంటున్నది. రెప్ప ఉబ్బింది."

అప్పుడు పోయాను లోపలికి. తువ్వాల మొహానికి చుట్టుకుని పోయాను. దిండుకు ఒక పక్కంతా మరకలు. చుక్కలన్నీ దిండే తాగింది.

"పడ్డదా అత్తా అని అడిగితె పడ్డదన్నవ్ గదా! రోజూ అడిగితి గదా!" యాదలక్ష్మి ఏడుస్తోంది.

"నేనేం జేయాలె బిడ్డా. నీ చెయ్యి దగ్గరికొస్తె రెప్ప దానంతటదే మూసుకుంటది. నీ మనసు నొస్తదని పడ్డదన్న. ఆయనొచ్చి ఏస్తడు, ఇయ్యాల కాకుంటె రేపొస్తడని చూసిన."

నగేష్ స్కూల్‌కు ఫోన్ చేసి రానని చెప్పాడు. పోతే పోనీ కొలువు అన్నాడు.

డిసెంబర్ 5

దవాఖాన మెట్ల మీద కూర్చుని రాస్తున్నాను. అన్నీ రాయాలి. రాయకపోతే తల పగిలేట్టుంది.

నిన్న ఆటోలో డ్రైవర్ పక్కన కూర్చున్నాను. ఇక్కడికొచ్చాక వరండా చివరి మూలకు పోయి నిలబడ్డాను. ఈసారి చూసింది కొత్త డాక్టరమ్మ, హిమజ అని పేరు. చిన్న పిల్లే. లైటు వేసి ఈదమ్మ కన్ను చాలాసేపు చూసింది. మందు పడలేదని, లోపల చీము చేరిందని చెప్పింది. అప్పుడు తలెత్తి నన్ను చూసింది.

"ఆ మూలకు నిలబడ్డ పెద్దాయన ఎవరు?"

"మా మామ, మేడం. కండ్ల కలక. అందుకే దూరముంటుండు."

"ఎప్పటి నుంచి?"

"అత్తను ఇంటికి తోలుకపోయిన కాడ్నుంచి."

"అన్ని రోజులు కలక ఉండదు. పెద్దాయనా, ఇటు రా."

నేను కదలలేదు. ఆమే వచ్చింది. భయం లేకుండా నా రెప్ప మలిచి చూసింది. అన్ని రోజుల్లో నా మొహం ముట్టుకున్నది ఆమె ఒక్కతే.

"మంటనా, దురదనా?"

"దురద. మందేస్తెనే మంట."

"పొద్దున లేస్తే రెప్పలు అతుక్కుంటున్నయా? పుసి వస్తదా?"

"లేదు. నీళ్లొస్తయ్."

"తుమ్ములు?"

"ఊఁ."

"ఇంట్ల ఎవరికన్న అంటిందా?"

"లేదు."

"నడుమ ఎప్పుడన్న తగ్గిందా?"

"కందుకూరు పోయినప్పుడు తగ్గింది."

"ఇంటి దగ్గర ఎక్కడ పడుకుంటున్నవ్?"

ఈదమ్మ అక్కడే చక్రాల మంచం మీద ఉంది. వింటోంది.

"అరుగు మీద" అన్నాను.

"కాదు మేడం" అంది యాదలక్ష్మి. "గడ్డి కొట్టంల పండుతుండు. గడ్డి మీదనే."

ఈదమ్మ లేవబోయింది. నగేష్ పట్టుకున్నాడు.

"గడ్డి మీదనా? ఎవలు పండుమన్నరు? ఆయనకు గడ్డి పడదు! పెండ్లైన ఏడాదే చూసిన. కల్లంల గడ్డి కుప్ప ఏసినంక కండ్లు గుడ్లోలె ఉబ్బినయ్. గందుకే గదా నేను ఆయన్ను కొట్టంల కాలు వెట్టనియ్యంది! నాకు ఒక్క మాట చెప్పకపోతిరి!"

వరండాలో జనమంతా చూస్తున్నారు. నేను నేలను చూశాను. ఆ ఏడాది కండ్లు ఉబ్బింది నాకు లీలగా గుర్తుంది. ఎండ దెబ్బ అనుకున్నాను. ఆ తర్వాత ఆమె నాకు చెప్పలేదు, నేను అడగలేదు. గడ్డి కట్ట నేను ఎత్తబోతే లాక్కునేది. నాకు చేతకాదని లాక్కుంటోందని అనుకున్నాను, ఇన్నేండ్లూ.

"ఇది అలర్జీ" అంది డాక్టరమ్మ. "గడ్డి దుమ్ముకు వచ్చింది. ఎవరికీ అంటదు, చూసినా అంటదు, ముట్టుకున్నా అంటదు. నువ్వు ఆమె పక్కనే ఉండాల్సింది."

ఆ చివరి మాట మామూలుగానే అంది. ఆమె నన్ను తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

వెంటనే ఈదమ్మను లోపలికి తీసుకుపోయారు.

డిసెంబర్ 6

కంట్లోకి సూదితో మందు ఎక్కించారు. నన్ను పక్కన ఉండనిచ్చారు. ఆమె నా మణికట్టు పట్టుకుంది. గోర్లు దిగిన చోట నల్లగా అయింది. చూపు ఎంత మిగులుతుందో ఇప్పుడే చెప్పలేమన్నారు.

డిసెంబర్ 7

నా కండ్లు తెల్లబడ్డాయి. గడ్డి లేదు, దురద లేదు. అద్దంలో చూసుకుంటే వాటి మీదే కోపం వచ్చింది.

డిసెంబర్ 9

చుక్కలు గంట గంటకూ. నేనే వేస్తున్నాను. ఒక్కటీ పక్కకు పడలేదు. ఇప్పుడు పక్కకు పడకపోతే ఏం లాభం అని రాశాను. రాసి కొట్టేశాను.

ఆమె ఎక్కువ మాట్లాడడం లేదు. కోపమో, నొప్పో. నేను అడగలేదు. మళ్లీ అదే తప్పు చేస్తున్నాననిపించి అడిగాను.

"కోపమా?"

"మస్తు ఉన్నది. జర కన్ను నొప్పి తగ్గని, అప్పుడు చెప్త నీ సంగతి."

డిసెంబర్ 13

ఇంటికి వచ్చాం. నగేష్ గడ్డి కట్టలన్నీ చెలక గట్టు మీదికి చేర్చి పట్టా కప్పాడు. బర్రెను యాదలక్ష్మి చూసుకుంటోంది. నా గోనెసంచి, పాత తువ్వాల కాలబెట్టేశారు. దుప్పటి వేడి నీళ్లలో ఉతికారు. నా మంచం ఈదమ్మ మంచం పక్కన వేశారు.

నాకూ చుక్కలు ఇచ్చారు. షాపులో ఊరికే అడిగి కొన్నవి వేయొద్దని, వాటితో చూపే దెబ్బతినొచ్చని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. పసరు మాట చెబితే తల పట్టుకుంది. బయటి నుంచి వస్తే మొహం కడుక్కోవాలి, చొక్కా మార్చాలి. దురదొస్తే చల్లటి నీళ్ల గుడ్డ వేసుకోవాలి, రుద్దొద్దు.

ఈదమ్మ కాపలా కాస్తోంది.

"రుద్దుతున్నవ్."

"లేదు."

"సప్పుడైతున్నది. చెయ్యి తియ్యి. తడిగుడ్డ ఏసుకో."

ఆమె కన్ను మూత వెనక ఉంది. నేనూ కండ్ల మీద తడిగుడ్డ వేసుకుని పడుకున్నాను. యాదలక్ష్మి వచ్చి ఇద్దర్నీ చూసి, తలుపు దగ్గరికి వేసి పోయింది.

డిసెంబర్ 16

బుగ్గమ్మ చూడడానికి వచ్చింది. నాకు కలక కాదని తెలిసి, "అయితె నాలుక వెట్టినా ఏం కాకపోవు" అంది. ఈదమ్మ నవ్వింది. మొదటిసారి ఇంటికి తెచ్చిన రోజు తర్వాత మళ్లీ నవ్వడం ఇదే.

బుగ్గమ్మ పోయాక చాలాసేపు గోడకు తిరిగి పడుకుంది.

డిసెంబర్ 20

ఈ రోజు దవాఖానలో మూత పూర్తిగా తీశారు. చీము పోయింది, మచ్చ ఉంది. గోడ మీది అక్షరాలు చూపించారు. కనబడలేదంది. వేళ్లు చూపించారు. కనబడలేదు. డాక్టరమ్మ వేళ్లు దగ్గరికి తెస్తూ తెస్తూ పోయింది. జానెడు దూరంలో ఈదమ్మ చెప్పింది. "రెండు."

అంతే మిగులుతుందట. మచ్చ ఇంకా పలచబడొచ్చు, పలచబడకపోవచ్చు. ఆశ మాత్రం పెట్టుకోవద్దన్నట్టే చెప్పింది. నగేష్ బయటికి పోయి నిలబడ్డాడు. నేను కూర్చునే ఉన్నాను. ఇన్ని రోజులు ఎందుకు దూరం ఉన్నానో, ఎవరి కోసమో, అన్నీ అక్కడే కూర్చుని లెక్కపెట్టుకున్నాను. ఎటు తిప్పినా ఒకటే వస్తోంది.

ఇంటికి వచ్చాక మంచం మీద కూర్చోబెట్టి చుక్కలు వేశాను. సీసా మూత పెట్టి లేవబోతే చొక్కా పట్టుకుని ఆపింది.

"దగ్గరికి రా."

కొంచెం జరిగాను. ఇన్ని రోజుల అలవాటుకు మొహం పక్కకు తిరిగింది.

"ఇంక రా. ఇటు మల్లు."

ఆమె ముక్కు నా ముక్కుకు తగిలేంత దగ్గరికి పోయాను.  నా గదవ పట్టుకుని మొహాన్ని అటూ ఇటూ తిప్పింది. నుదురు చూసింది. కండ్లు చూసింది. దవడలు చూసింది. బజారులో వస్తువును చూసినట్టు చూసింది. పొర వచ్చాక ఆమె నన్ను సరిగా చూడడం ఇదే మొదలు.

"గింత ముసలోడివెప్పుడైనవయ్యా?"

"గీ మధ్యనే" అన్నాను.